ఫ్లోరెన్స్‌లో సోమవారం వృథా అయింది, రేపు ఏం చూడాలో చెప్పండి

అమ్మతో ఇటలీ వచ్చాను. టూర్ వాళ్లు ఫ్లోరెన్స్‌ని సరిగ్గా సోమవారమే పెట్టారు. ఉఫీజీ, అకాడెమియా రెండు మ్యూజియంలకీ ఆ రోజు సెలవే! డూమో (ఇక్కడి పెద్ద చర్చి) గుమ్మటం ఎక్కాలంటే ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలట. అయినా 463 మెట్లు, లిఫ్ట్ లేదు, అమ్మ మోకాళ్లతో అయ్యే పని కాదు. చివరికి పలాజో వెక్కియో (ఇక్కడి టౌన్‌హాల్) ముందున్న మికెలాంజెలో డేవిడ్ విగ్రహం దగ్గర ఫోటోలు దిగాం. అదీ నకలే, అసలుది 1873లోనే అకాడెమియాకి తరలించారు. ఊరు ఇంత అందంగా ఉండబట్టే ఇంకా ఒళ్లు మండుతోంది.

రేపు సాయంత్రం రోమ్ రైలు. ఆ రెండు మ్యూజియంలలో ఒక్కటే కుదిరేలా ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ నడక తక్కువ? మధ్యలో కూర్చోవచ్చా? రైలు టైమ్ లోపు ఊరంతా కనిపించే కొండ మీది పియాజాలే మికెలాంజెలోకి బస్సులో వెళ్లి రాగలమా?