లక్షన్నర చేతిలో ఉంది: ముందు గ్రాఫిక్స్ కార్డా, ప్రాసెసరా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నెలనెలా పక్కన పెడుతూ వస్తే లక్షా యాభై వేలు పోగయ్యాయి. మళ్లీ ఇంత డబ్బు ఎప్పటికి కూడుతుందో తెలీదు, అందుకే కొనే ముందు అడుగుతున్నాను. 2021లో కట్టించుకున్న పీసీ నాది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల పవర్ సప్లై. మానిటర్ 1440పీ, 165 హెర్ట్జ్. ఎక్కువగా ఆడేవి రెండే: సైబర్‌పంక్ 2077, కౌంటర్ స్ట్రైక్ 2. ఆఫీసులో ఫ్రెండ్ 5070 టీఐ కార్డు ఒక్కటి మారిస్తే చాలంటాడు. షాపాయన మాత్రం ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చకపోతే పెద్ద కార్డు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రే_ట్రేసింగ్_పిచ్చి:
కార్డే, తమ్ముడూ. రెండో ఆలోచన వద్దు. 1440పీలో రే ట్రేసింగ్ (వెలుగు ఎలా పడుతుందో లెక్కగట్టి గీసే పద్ధతి) ఆన్ చేస్తే సైబర్‌పంక్‌కి 8 జీబీ చాలదు. మెమరీ నిండిపోయాక ఏ ప్రాసెసర్ పెట్టినా ఆట నత్తనడకే. 5070 టీఐలో 16 జీబీ ఉంది, తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ 4 ఉంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే మధ్య ఫ్రేములు (తెర మీద వరసగా వచ్చే బొమ్మలు) కార్డే తయారు చేసుకుంటుంది, పాత ప్రాసెసర్ అడ్డం రాదు. ప్రాసెసర్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

సింగిల్_కోర్:
నేను ఒప్పుకోను. సరిగ్గా ఈ సలహా విని చెయ్యి కాల్చుకున్నవాణ్ణి. నాదీ 3600 ప్రాసెసరే. అందులో పెద్ద కార్డు పెట్టాను. సెకనుకి వచ్చే సగటు ఫ్రేములు పెరిగాయి, ఆ అంకె చూసి వారం రోజులు సంబరపడ్డాను. తర్వాత సైబర్‌పంక్‌లో జనం కిక్కిరిసిన బజారు వీధిలోకి వెళ్తే నాలుగడుగులకోసారి బొమ్మ పట్టేసినట్టు ఆగి కదిలేది. కంటికి తెలిసేది సగటు కాదు, అట్టడుగు ఒక శాతం, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చే ఫ్రేములు. అవి కార్డు మార్చినా కదల్లేదు.

ఎందుకంటే 3600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ ఉన్నా 16, 16గా రెండు ముక్కలై ఉంటుంది. ఒక పక్క కోర్లకి కావాల్సిన సమాచారం రెండో పక్క ఉంటే అటు తిరిగి రావాలి. పేరు చివర ఎక్స్3డి ఉండే ఏఎండీ ప్రాసెసర్లలో 96 ఎంబీ ఒకే చోట ఉంటుంది. పైగా రే ట్రేసింగ్ అంటే కార్డు పనే అనుకుంటారు గానీ, కదిలే ప్రతి మనిషికీ, ప్రతి బండికీ లెక్క సిద్ధం చేయడంలో ప్రాసెసర్ మీదా బరువు పడుతుంది.

ఇక ఫ్రేమ్ జనరేషన్. బొమ్మ నున్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ మౌస్ కదిపిన దానికి ఆట స్పందించే వేగం అసలు ఫ్రేముల మీదే ఆధారపడుతుంది. అవి 40 దగ్గరే ఉంటే చేతికి బరువు తెలుస్తూనే ఉంటుంది.

రే_ట్రేసింగ్_పిచ్చి:
అన్నా, మీరు ఏ రిజల్యూషన్‌లో ఆడారో చెప్పలేదు. 1080పీలో అయితే ప్రాసెసర్ అడ్డం పడుతుంది, ఒప్పుకుంటా. 1440పీలో రే ట్రేసింగ్‌తో కార్డే ముందు అలిసిపోతుంది.

సింగిల్_కోర్:
1440పీనే. కాకపోతే డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టాను. అంటే లోపల గీసేది 720పీ. డీఎల్ఎస్ఎస్ ఆన్ చేసిన మరుక్షణం భారం ప్రాసెసర్ వైపు జరుగుతుంది. ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు.

పాత_మదర్‌బోర్డు:
ఇద్దరూ ఆయన పీసీ చూడకుండానే వాదించుకుంటున్నారు. గోదారి_గట్టు గారూ, రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకునే పద్ధతి ఉంది. ఈ రాత్రే చేయండి.

ఆటలో ఒకే చోటు ఎంచుకోండి. జనం ఎక్కువుండే కూడలి అయితే మంచిది. మామూలు సెట్టింగుల్లో ఒక నిమిషం తిరిగి ఫ్రేములు, కార్డు వాడకం శాతం రాసుకోండి. తర్వాత రిజల్యూషన్ ఒక్కటే 720పీకి దించి, మిగతావేవీ ముట్టుకోకుండా అదే దారిలో మళ్లీ తిరగండి. ఫ్రేములు బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఆపింది కార్డు. అక్కడే ఉండిపోయి, కార్డు వాడకం 60కో 70కో పడిపోతే ఆపింది ప్రాసెసర్. రెండు ఆటల్లోనూ చేయండి. ఒక ఆటలో వచ్చిన జవాబు రెండో దానికి పనికిరాదు.

ఇంకో మాట. మీ ముందున్నవి రెండు దారులే కాదు. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్4 సాకెట్ పాతదే అయినా, అందులోనే 5700ఎక్స్3డి ప్రాసెసర్ కూర్చుంటుంది. బోర్డు, ర్యామ్ మార్చక్కర్లేదు. కొత్తది దొరకడం కష్టం, వాడినది వెతకాలి. అదే తర్వాతి తరం సాకెట్ ఏఎమ్5కి వెళ్తే డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివర్నుంచి మెమరీ ధరలు ఎలా ఎగబాకాయో చూస్తూనే ఉన్నాం. తయారీదార్లంతా ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగారు. మైక్రాన్ అయితే మామూలు జనానికి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు ఉన్న ర్యామ్‌ని పక్కన పడేయడం నాకైతే మనసొప్పదు.

సింగిల్_కోర్:
ఆగిపోయిన సాకెట్‌లో డబ్బు పోయడం ఎందుకు? ఏఎమ్5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీయే చెప్పింది. ఏఎమ్5 ప్రాసెసర్ 9800ఎక్స్3డి ఇప్పుడు పెట్టుకుంటే ఇంకో ఐదేళ్లు దాని ఊసే ఎత్తక్కర్లేదు.

డల్లాస్_రాత్రులు:
చర్చకి కాస్త పక్కగా ఒక హెచ్చరిక. అమెరికాలో చవక, చుట్టాల చేత తెప్పించుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. మా పెదనాన్నగారి అబ్బాయికి నేను ఇక్కడ కార్డు కొని సూట్‌కేసులో పట్టుకెళ్లాను. ఎనిమిది నెలలకి ఫ్యాన్ పోయింది. హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ వాళ్లు బిల్లు అమెరికాది అని తీసుకోలేదు. తిరిగొచ్చేవాళ్ల చేత నాకు పంపించి, బాగు చేయించి, మళ్లీ ఇండియాకి చేర్చేసరికి ఐదు నెలలు. చాలా కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి. కస్టమ్స్ సుంకం సంగతి సరేసరి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీలో బిల్లు రాయించుకుని కొనండి.

గోదారి_గట్టు:
పరీక్ష చేశాను. రాత్రి రెండయింది.

సైబర్‌పంక్, రే ట్రేసింగ్‌తో, డీఎల్ఎస్ఎస్ లేకుండా: 1440పీలో 34 ఫ్రేములు, కార్డు వాడకం 98 శాతం. 720పీలో 61, వాడకం 70. కౌంటర్ స్ట్రైక్: 1440పీలో 158, 720పీలో 163. దాదాపు ఏమీ మారలేదు.

అంటే ఒక ఆటలో కార్డు ఆపుతోంది, ఇంకో దాంట్లో ప్రాసెసర్. సైబర్‌పంక్‌లోనూ ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆ కూడలిలో 61 దాటదన్నమాట.

పాత_మదర్‌బోర్డు:
సరిగ్గా పట్టుకున్నారు. మీ ఆటలకి రెండూ కావాలి, ఏ ఒక్కదాని మీదా మొత్తం పెట్టొద్దు. నేనైతే వాడిన 5700ఎక్స్3డి, దానితో 5070 టీఐ గానీ, అంతకంటే తక్కువకి దొరికే ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ గానీ తీసుకుంటాను. మీ బోర్డు కార్డుకి పాత తరం దారి, పీసీఐఈ 3.0నే ఇస్తుంది. 16 జీబీ ఉండి 16 లేన్లూ వాడుకునే కార్డుకి దానివల్ల పోయేది స్వల్పం.

ముందు బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. అది నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చిపోయే ప్రమాదముంది, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఆ తర్వాత కూలర్ ఊడదీసే ముందు పది నిమిషాలు ఆట ఆడి ప్రాసెసర్‌ని వేడెక్కించి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీయండి. కూలర్ కింది పేస్టు మెత్తబడుతుంది. కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి. ఏఎమ్4లో పిన్నులుండేది ప్రాసెసర్‌కే. ఎండిన పేస్టు పట్టుకుని కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చేస్తుంది. నా పాత 2600 ప్రాసెసర్ పిన్నులు అలాగే వంగాయి. బ్లేడు అంచుతో ఒక్కొక్కటీ సరిచేయడానికి సాయంత్రమంతా పట్టింది.

రే_ట్రేసింగ్_పిచ్చి:
61 దాటదన్న మాట చూశాక నేను చెప్పింది సగమే సరి అని ఒప్పుకుంటున్నా. కానీ పవర్ సప్లై మర్చిపోవద్దు. ఈ రెండు కార్డులకీ 750 వాట్లు ఉండాలని కంపెనీలే చెబుతున్నాయి. 5070 టీఐ తీసుకుంటే ఆ కొత్త రకం ప్లగ్గు సందు కనపడకుండా చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడు, తమ్ముడూ. 4090 కార్డుల రోజుల్లో సగం దిగిన ప్లగ్గులే చాలావరకు కరిగాయి. 9070 ఎక్స్‌టీలో చాలా మోడళ్లకి పాత 8 పిన్నుల ప్లగ్గులే.

సింగిల్_కోర్:
నా అభిప్రాయం మారలేదు. నేనైతే ఈసారి ఏఎమ్5కి వెళ్లి, కార్డుకి ఇంకో ఏడాది ఆగుతాను. కానీ డబ్బు మీది, పరీక్ష చేసింది మీరు. వాడిన ప్రాసెసర్ కొనేటప్పుడు బోర్డులో పెట్టి విండోస్ వచ్చేదాకా చూపించమనండి. పిన్నులు ఫోన్ కెమెరాతో దగ్గరగా చూడండి.

గోదారి_గట్టు:
శనివారం సీటీసీకి వెళ్తున్నాను. 5700ఎక్స్3డి, 9070 ఎక్స్‌టీ, 750 వాట్ల సప్లై, ఈ క్రమంలో అడుగుతాను. మిగిలింది బ్యాంకులోనే ఉంటుంది. ఇందాకే కేబినెట్ పక్క తలుపు తీసి టేపు పెట్టి కొలిచాను. ముందు ఫ్యాన్లు ఉంచితే కార్డుకి దొరికే చోటు 31 సెంటీమీటర్లే. మూడు ఫ్యాన్ల పొడుగు మోడళ్లు కొన్ని 33 ఉన్నాయి. అంతకంటే పొట్టిగా ఉండి, ఎండాకాలం ఏసీ లేని గదిలో వాడుతున్న కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే మోడల్ పేరు చెప్పండి.