సైకిల్ పందేల మీద మంచి టీవీ కార్యక్రమం తీస్తే అందులో ఏముండాలి?

ఎదురుగాలి:
జులై వచ్చిందంటే మా ఇంట్లో రిమోట్ కోసం గొడవే. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ప్రసారం రోజూ గంటల తరబడి సాగుతుంది. నాకు విసుగు రాదు కానీ, పక్కన కూర్చున్నవాళ్లకు పది నిమిషాలకే ఆవలింతలు. "అందరూ కలిసే వెళ్తున్నారు కదా, ఇందులో పోటీ ఎక్కడుంది?" అని మా అత్తగారు అడుగుతారు. 2023లో నెట్‌ఫ్లిక్స్ ఈ పందెం మీద తెచ్చిన సిరీస్ ఆవిడతో కలిసి చూశాను. కిందపడటాలు, కార్లలోంచి మేనేజర్ల కేకలు, కన్నీళ్లు అన్నీ ఉన్నాయి. ఆవిడ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. మీ చేతికి ఒక కార్యక్రమం ఇస్తే ఏం చూపిస్తారు? చూసినవీ తొక్కినవీ గుర్తు చేసుకుని చెప్పండి.

చిన్నగేరు:
మొదటి ఎపిసోడ్ మొత్తం గాలికే ఇస్తాను. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే కాళ్ల సత్తువలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుంది. ముందువారి వెనుక చక్రానికి అంటుకున్నట్టు తొక్కితే ఆ శ్రమలో దాదాపు మూడో వంతు మిగులుతుంది. గుంపుగా వెళ్లేది స్నేహం కోసం కాదు, ఇందుకే. పొద్దున్నే గుంపును వదిలి ముందుకు పోయిన నలుగురైదుగురు తరచుగా గమ్యం కనిపించే దూరంలో దొరికిపోయేదీ ఇందుకే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, 2023లో మొదలైంది. అక్కడికి ఇద్దరు కొత్తవాళ్లను తీసుకెళ్లి, ఒకరి వెనుక ఒకరిని తొక్కించి, కాసేపటికి స్థానాలు మార్పించండి. మా బృందంలో చేరేవాళ్లకు మేము ముందు చేయించేది అదే. వెనుకనుంచి ముందుకు రాగానే ముఖాలు ఎలా మారతాయో చూపిస్తే చాలు, గ్రాఫిక్స్ అక్కర్లేదు.

ఎడిటింగ్ బల్ల:
చిన్నగేరు గారు చెప్పింది బాగుంది, కానీ కెమెరాకు ఒక జబ్బు ఉంది. అది ఎత్తును మింగేస్తుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఒక స్థానిక కార్యక్రమానికి చిత్రీకరించాం. తొక్కేవాళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నారు, తెరమీద చూస్తే ఊరి రోడ్డులా ఉంది! పక్కనుంచి, నేలకు దగ్గరగా, ఫ్రేములో ఒక కరెంటు స్తంభమో గోడో పడేలా తీస్తే వాలు కాస్త తెలుస్తుంది. దానికన్నా ముఖ్యం శబ్దం. నేపథ్య సంగీతం తీసేసి ఊపిరి, చైను, గేరు పడే చప్పుడు వినిపించనివ్వాలి. మన ఛానళ్లలో ఈ మాట అంటే నన్ను బయటికి పంపిస్తారు, అది వేరే సంగతి.

ఇంకొకటి. టూర్‌లో మోటారు సైకిళ్ల మీద కెమెరామన్లు తీసే బొమ్మలు పైన తిరిగే హెలికాప్టర్లు, విమానాల ద్వారా ప్రసార వాహనాలకు చేరతాయి. వాతావరణం చెడితే ప్రసారమే తెగిపోవచ్చు. ఆ పనివాళ్ల మీదే ఒక ఎపిసోడ్ తీయవచ్చు.

గ్రెనోబుల్ నుంచి:
ఫ్రాన్స్‌లోని ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చాక ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద నిలబడి పందెం చూశాను. 21 మలుపులు, 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8 శాతం పైనే. జనం పొద్దున్నుంచే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ముందున్నవాళ్లు కళ్ల ముందు నుంచి క్షణాల్లో మాయమవుతారు. చాలాసేపటి తర్వాత చివరి గుంపు వస్తుంది, అసలు నాటకం అక్కడే. విజేత సమయానికి ఇంత శాతం కలిపి ఒక గడువు పెడతారు. అది దాటితే మర్నాడు ఇంటికే. స్ప్రింటర్లు, అంటే చదును రోడ్డు మీద చివర్లో దూసుకుపోయేవాళ్లు, వాళ్ల సహాయకులు కలిసి గడియారం చూసుకుంటూ ఎక్కుతారు.

2024 టూర్‌లో బ్రిటన్ స్ప్రింటర్ మార్క్ కావెండిష్ విషయం తీసుకోండి. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బయలుదేరిన మొదటి రోజే ఎండకు తాళలేక వాంతులు చేసుకుని వెనుకబడ్డాడు. జట్టువాళ్లు పక్కనే ఉండి గడువులోపల చేర్చారు. ఐదో దశలో, అంటే ఐదో రోజు పందెంలో గెలిచి, మొత్తం 35 దశల విజయాలతో, బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్‌తో సమంగా పంచుకున్న 34 విజయాల రికార్డును దాటాడు. అందరూ ఐదో దశ చూపిస్తారు. నేను మొదటి రోజు చూపిస్తాను.

ఎదురుగాలి:
ఇది మా అత్తగారికి నచ్చుతుంది! గెలిచినవాడి వెనుక ఎంతమంది ఓడిపోతారో ఆవిడకు వెంటనే అర్థమవుతుంది. జట్టుకు ఎనిమిది మంది, ఏడుగురు ఒక్కరి కోసం నీళ్లు మోయడం, గాలికి అడ్డు నిలవడం... వాళ్ల పేర్లు మనకు గుర్తుండవు.

ముళ్లబాట:
ఇంతమంది ఇంత మెచ్చుకుంటున్నారు, సత్తువ పెంచుకోవడానికి దొంగచాటుగా వాడే నిషేధిత మందుల మాట ఎవరూ ఎత్తడం లేదు. అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 వరకు వరుసగా గెలిచిన ఏడు టూర్ టైటిళ్లూ 2012లో రద్దయ్యాయి. మరుసటి ఏడాది టీవీలోనే ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో పొద్దుపోయేదాకా మేలుకుని చూసినవాణ్ణి నేను. ఆ చరిత్ర దాచి పూలదండలు వేసే కార్యక్రమం అయితే నాకు వద్దు.

చిన్నగేరు:
ఒక ఎపిసోడ్ ఇవ్వండి, ఒప్పుకుంటాను. పది ఎపిసోడ్లూ అదే అయితే టీవీ కట్టేస్తాను.

రాత్రి బండి:
మీరంతా ఫ్రాన్స్‌లోనే తిరుగుతున్నారు. మన దగ్గర జరిగే బ్రెవేలను, అంటే గడువులోపల పూర్తి చేయాల్సిన దూరప్రయాణాలను తీయండి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. ఈ నాలుగూ ఒకే ఏడాదిలో పూర్తి చేస్తే సూపర్ రాండనర్ అనే గుర్తింపు. మొదటి స్థానం అనేది ఉండదు, బహుమతి డబ్బు ఉండదు. కార్డు మీద ముద్ర వేయించుకుంటూ పోవడమే. నాతో తొక్కినవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, పిల్లలను బడికి పంపి వచ్చిన గృహిణులు ఉన్నారు. రాత్రి రెండు గంటలకు హైవే ధాబాలో పప్పు అన్నం తింటూ, నిద్రకు తూలుతూ మాట్లాడుకునే మాటలు ఏ రచయితా రాయలేడు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కిలోమీటర్లు. అందరికన్నా ఎక్కువ సమయం తీసుకునేవాళ్లకు 90 గంటలు. మనవాళ్లూ వెళ్లి వస్తున్నారు. ఒకరి వెంట ఏడాది తిరిగి, సాధన నుంచి అక్కడి వరకు తీస్తే చాలదా?

ఎడిటింగ్ బల్ల:
నాకు ఆశ పుట్టింది. వెనుక కారులో కెమెరా పెట్టుకుని వెంట రావచ్చా?

రాత్రి బండి:
రాకూడదు. సహాయక వాహనం కంట్రోల్ పాయింట్ల దగ్గరే, అంటే కార్డు మీద ముద్ర వేసే చోట్లే ఉండాలి. దారిలో వెంట వస్తే తొక్కేవారికి శిక్ష పడవచ్చు. ముందే నిర్వాహకులతో మాట్లాడుకోండి.

ఎడిటింగ్ బల్ల:
అయితే హ్యాండిల్ మీద చిన్న కెమెరా, కాలర్‌కు మైకు, కంట్రోల్ పాయింట్లలో ఒక మనిషి. 40 గంటలకు బ్యాటరీలు మార్చేది ఎవరన్నదే సమస్య. జేబులో నాలుగు అదనంగా పెట్టుకుంటే బరువు అంటారా?

రాత్రి బండి:
నాలుగు బ్యాటరీలు బరువు కాదు. వాటిని మార్చడానికి ఆగిన ప్రతిసారీ పోయే నిమిషాలే బరువు. డైనమో హబ్, అంటే చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఇరుసు ఉన్న సైకిల్ తొక్కేవారిని వెతుకుదాం, దారిలోనే చార్జ్ అవుతాయి. మా బృందంలో ఇద్దరి దగ్గర ఉంది, అడుగుతాను.