రంగునీళ్లకు కరెంటు పెడితే కాలుష్యం పోతుందా?

నూలుచిలప (పొందూరు దగ్గర)
మాది చిన్న అద్దకం పని. నూలుకి రియాక్టివ్ రంగులు వేస్తాం, రంగు పట్టడానికి ఉప్పు, సోడా గట్టిగానే పడతాయి, మిగిలిన నీళ్లు పొలం పక్క గోతిలోకి పోతాయి, దాని మీద ఊళ్లో గొడవ. తెలిసినాయన ఒకరు రెండు స్టీలు రేకులు ముంచి బ్యాటరీ ఛార్జర్ తగిలించు, రంగు విరిగిపోతుందన్నాడు. బకెట్లో చేసి చూస్తే నీలం నిజంగానే తేలిపోయింది, కాకపోతే బ్లీచింగ్ వాసన, అడుగున గోధుమరంగు మడ్డి. పెద్ద తొట్టికి పెట్టేయొచ్చా, ఏటంటారు?

విజీనగరం_కెమిస్ట్రీ
అన్నా, ముందు ఆ స్టీలు తీసెయ్యండి. ఉప్పునీళ్లలో ప్లస్ వైపు ఉన్న రేకు కరుగుతుంది, ఇనుముతో పాటు క్రోమియం, నికెల్ కూడా దిగుతాయి, ఆ క్రోమియం హెక్సావలెంట్ రూపంలోకి మారితే విషమే. మీ మడ్డి ఎక్కువగా ఇనుప హైడ్రాక్సైడ్, అది కొంత రంగుని పట్టుకుని కిందకి దిగింది, అంటే కాలుష్యం నీళ్లలోంచి మడ్డిలోకి వెళ్లిందంతే. ఇక ఆ వాసన ఉప్పులోంచి పుట్టిన క్లోరిన్‌ది. అజో రంగైతే (రెండు నైట్రోజన్ పరమాణువుల బంధం వల్ల రంగొచ్చేది) క్లోరిన్ దెబ్బకి రంగునిచ్చే బంధం తెగుతుంది, మిగతా ముక్కలు నీళ్లలోనే ఉంటాయి, కొన్ని క్లోరిన్‌ని కూడా తగిలించుకుంటాయి. రంగు పోయిన నీళ్లు శుభ్రమైన నీళ్లు కావు.

గట్టుమీద_రాజు
ఇంత భయపెట్టాలా తమ్ముడూ? టైటానియం మీద రుథేనియం పూత ఉన్న రేకులు దొరుకుతాయి, అవి కరగవు కదా.

విజీనగరం_కెమిస్ట్రీ
కరగవు, నిజమే. కానీ అవి క్లోరిన్ తయారీలో వాడేవి, ఉప్పునీళ్లలో పెడితే మళ్లీ క్లోరినే వస్తుంది. నీళ్లలోంచి హైడ్రాక్సిల్ రాడికల్ (రంగు ముక్కల్ని విరగ్గొట్టే బాగా చురుకైన కణం) పుట్టించి కార్బన్ డయాక్సైడ్ దాకా విరగ్గొట్టాలంటే బోరాన్ కలిపిన వజ్రపు పూత మేలు, అయితే ధర వింటే కళ్లు తిరుగుతాయి, పైగా ఉప్పుంటే పెర్క్లోరేట్ అనే హానికర పదార్థం తయారు చేస్తుంది. కరెంటు లెక్క కూడా చూడండి. సీఓడీ అంటే నీళ్లలోని మురికిని రసాయనంతో పూర్తిగా విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్ లెక్క. 1 కిలో సీఓడీ తీయడానికి, ఒక్క ఎలక్ట్రాన్ వృథా కాకపోయినా, సుమారు 3,350 ఆంపియర్-గంటలు కావాలి, 5 వోల్టుల దగ్గర దాదాపు 17 యూనిట్లు. మీ నీళ్ల సీఓడీ లీటరుకి 2,000 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, వాగుల్లోకి వదిలే పరిమితి 250కి దింపడానికి వెయ్యి లీటర్లకి 29 యూనిట్లు పైమాటే. అసలు ఖర్చు ఇంకా ఎక్కువ.

నేనైతే మామూలు ఉప్పు మానేసి గ్లాబర్ ఉప్పు (సోడియం సల్ఫేట్, అందులో క్లోరైడ్ ఉండదు) వాడతాను, క్లోరిన్ గొడవ చాలావరకు తగ్గుతుంది. తర్వాత ఒక శాంపిల్ ల్యాబ్‌కిచ్చి సీఓడీ చూపించండి. నీళ్లలో ఉప్పుందని చెప్పాలి, లేకపోతే క్లోరైడ్ వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. ఇంకోటి, మైనస్ రేకు దగ్గర హైడ్రోజన్ వస్తుంది, మూసిన గదిలో మాత్రం వద్దు.

నూలుచిలప
గ్లాబర్ మా దగ్గర దొరుకుతుంది, ఈ సారికి అదే వేస్తాను. శాంపిల్ రంగు తొట్టి నీళ్లదా, కడిగిన నీళ్లదా?

విజీనగరం_కెమిస్ట్రీ
రెండూ, వేరువేరు సీసాల్లో. రంగు, ఉప్పు చిక్కగా ఉండేది తొట్టి నీళ్లలోనే, కడిగినవి పలచన. అవి రెండూ కలపకుండా ఆపగలిగితే మీరు శుద్ధి చేయాల్సిన నీళ్లే తగ్గిపోతాయి.