చిన్న క్లినిక్‌కి ఇంటి ఫ్రిజ్ సరిపోదా? మెడికల్ ఫ్రిజ్ కొనాల్సిందేనా?

పాలకొల్లు క్లినిక్
మాది పిల్లల క్లినిక్. లెక్కలూ కొనుగోళ్ళూ నేను చూస్తాను. డాక్టరు గారు మెడికల్ ఫ్రిజ్ కొందామంటున్నారు. దాని ధర ఇంటి ఫ్రిజ్‌కి ఎన్నో రెట్లు. మా దగ్గర రెండు తలుపుల ఫ్రిజ్, స్టెబిలైజర్, ఇన్వర్టర్ అన్నీ ఉన్నాయి. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి ఒకే టీకా), కుక్కకాటు టీకా, కొంచెం ఇన్సులిన్ అందులోనే పెడతాం. కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. ఫ్రిజ్ ఇచ్చేదీ అదే కదా? నా లెక్కలో ఆ ఖర్చు దండగ. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, "రూలు" అని మాత్రం అనకండి.

మందుల షాపు, రాజోలు
నేను మీ వైపే. ఇంకో సంగతి. ఇంటి ఫ్రిజ్ ఆగిపోతే మా వీధి కుర్రాడు సాయంత్రానికి బాగుచేసేస్తాడు. మెడికల్ ఫ్రిజ్ ఆగితే కంపెనీ మనిషి ఎక్కడి నుంచో రావాలి. ఆ రెండు మూడు రోజులూ మందులు ఎక్కడ పెడతాం? ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరండి.

రిటైర్డ్ ఫార్మసిస్టు
పాలకొల్లు బాబూ, ఫ్రిజ్ 2 నుంచి 8 ఇస్తుందని ఎలా తెలిసింది? లోపల థర్మామీటర్ ఉందా? ముందు అది చెప్పు.

ఇంటి ఫ్రిజ్‌లో అంతటా ఒకే చల్లదనం ఉండదు. తలుపు అరల్లో వేడి ఎక్కువ, తెరిచినప్పుడల్లా ఇంకా పెరుగుతుంది. వెనక గోడ దగ్గరా, ఫ్రీజర్ నుంచి చల్లగాలి వచ్చే కంత దగ్గరా సున్నాకి దిగిపోవచ్చు. మే నెలలో "చల్లగా లేదు" అని ఎవరో నాబ్ చివరికంటా తిప్పుతారు. వెనక వరసలో ఉన్న హెపటైటిస్ బి తెల్లారేసరికి గడ్డకట్టి ఉంటుంది. అది సుమారు మైనస్ అర డిగ్రీకే గడ్డకడుతుంది.

అందరికీ వేడంటేనే భయం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో టీకాలు చూసినన్నాళ్ళూ చలికే ఎక్కువ భయపడ్డాను. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) లాంటి వాటిలో మందు అల్యూమినియం లవణానికి అంటుకుని ఉంటుంది. ఒకసారి గడ్డకడితే ఆ రేణువులు ముద్దలైపోతాయి, కరిగాక కూడా విడిపోవు. టీకా బలం పోతుంది. బిడ్డకి సూది నొప్పి తప్ప ఏమీ మిగలదు. కొన్ని సీసాల మీద వలయంలో చిన్న చదరం ఉంటుంది చూడు. చదరం రంగు వలయం రంగుతో కలిసిపోయినా, ఇంకా ముదిరినా పారేయాలి. కానీ అది వేడి సంగతే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. ఇన్సులిన్ కూడా అంతే, ఒకసారి గడ్డకట్టిందంటే చూడ్డానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే.

పీహెచ్‌సీలో ఐఎల్ఆర్, అంటే టీకాల కోసం మంచు పొరతో చేసిన ఫ్రిజ్, పెట్టింది ఊరికే కాదు. గోడల నిండా మంచు పొర ఉంటుంది, రోజుకి 8 గంటలు కరెంటుంటే మిగతా వేళంతా నిలబెడుతుంది. మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి చల్లగాలి కిందికి జారిపోదు.

పాలకొల్లు క్లినిక్
థర్మామీటర్ లేదండి. డిస్‌ప్లేలో 4 అని చూపిస్తుంది.

అమలాపురం డాక్టరమ్మ
డిస్‌ప్లే అంకె ఒక్క చోటిది, పైగా చాలా ఫ్రిజ్‌లలో అది మీరు పెట్టిన సెట్టింగే తప్ప లోపలి వేడి కాదు. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ చవకగానే దొరుకుతుంది. దాని ప్రోబ్‌ని, అంటే వైరు చివర వేడి కొలిచే మొనని, మందుల మధ్య అరలో పెట్టండి. పొద్దున, సాయంత్రం రాసి రీసెట్ చేయండి.

ఫార్మసిస్టు గారితో ఒక విషయంలో నేను విభేదిస్తాను. ఇంటి ఫ్రిజ్ అసలు పనికిరాదంటే మన లంక ఊళ్ళలో టీకాలు వేసేవాళ్ళే ఉండరు. మందులకి మాత్రమే ఒక ఫ్రిజ్ కేటాయించాలి. స్టాఫ్ పెరుగు డబ్బా, సోడాలు అందులోకి రాకూడదు. మందులు మధ్య అరల్లో, గోడకి తగలకుండా పెట్టాలి. కింద కూరల ట్రేలోనూ తలుపు అరల్లోనూ నీళ్ళ సీసాలు పెడితే కరెంటు పోయినప్పుడు కాస్త ఆదుకుంటాయి. చిన్న క్లినిక్‌కి ఇది చాలు. ఎక్కువ స్టాక్ పెట్టేవాళ్ళు మాత్రం మెడికల్ ఫ్రిజ్ కొనాలి, ఒక్క రాత్రి నష్టంతో ఆ తేడా పోతుంది.

పాముకాటు మందు పొడి రూపంలోదైతే చాలావరకు ఫ్రిజ్ బయటే ఉంచొచ్చు, ద్రవమైతే 2 నుంచి 8 కావాలి. లేబుల్ చదివితే ఫ్రిజ్‌లో సగం జాగా మిగులుతుంది.

లంకబాబు
తుపాను మాటేమిటి? 1996 నవంబరులో కోనసీమలో రోజుల తరబడి కరెంటు లేదు. 2022 జూలై వరదకి మా ఊరికి పడవే గతి. ఇన్వర్టర్ ఎన్ని గంటలు లాగుతుంది? మాకు రొయ్యల థర్మోకోల్ పెట్టెలు బోలెడు, భీమవరం ఐస్ కూడా దొరుకుతుంది. అందులో సర్దేస్తే పోలా?

రిటైర్డ్ ఫార్మసిస్టు
అదే చేయకు నాయనా! ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన ఐసు సున్నాకి కిందే ఉంటుంది. ఉప్పు తగిలితే ఇంకా కిందికి పోతుంది. ఐస్‌ప్యాకులైనా ఫ్రీజర్ నుంచి తీసి, ఊపితే లోపల నీళ్ళు కదిలేదాకా బయట ఉంచి, అప్పుడు పెట్టెలో పెట్టాలి. సీసాలు ఐసుకి ఆనకూడదు. తుపాను హెచ్చరిక రాగానే దగ్గర్లో జనరేటర్ ఉన్న ఆసుపత్రితో మాట్లాడుకోవడం అన్నిటికన్నా మేలు.

చిన్నూ వాళ్ళమ్మ
మధ్యలో అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మా బాబుకి ఇన్సులిన్. కరెంటు పోతే కుండలో పెట్టమన్నారు. పనిచేస్తుందా?

అమలాపురం డాక్టరమ్మ
అమ్మా, తెరవని సీసాలు ఫ్రిజ్‌లోనే. తెరిచి వాడుతున్నది చాలా రకాలకి 4 వారాలు బయట ఉండొచ్చు, 25 దాటకూడదో 30 దాటకూడదో కాగితంలో ఉంటుంది. కుండ ఎండాకాలం పనికొస్తుంది. కానీ మన ఉక్కపోతలో నీళ్ళు త్వరగా ఆవిరి కావు, పొడి ఊళ్ళలో చల్లబడినంతగా ఇక్కడ చల్లబడదు. సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీడలో ఉన్న కుండలో ఉంచండి. దాన్నే నమ్ముకుని నెల స్టాక్ మాత్రం పెట్టొద్దు.

మందుల షాపు, రాజోలు
సరే, రాత్రి కరెంటు పోయి 8 దాటింది. పొద్దున స్టాకంతా పారేయమంటారా? నష్టం ఎవరు భరిస్తారు?

అమలాపురం డాక్టరమ్మ
వెంటనే పారేయక్కర్లేదు, వెంటనే వాడనూ వద్దు. "వాడొద్దు" అని రాసి, విడిగా, చల్లగానే ఉంచండి. ఎంతసేపు, ఎంతవరకు పెరిగిందో అంకెలతో కంపెనీని అడగండి. ఒక్కో మందు ఒక్కోలా తట్టుకుంటుంది. అంకెలే లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు?

పాలకొల్లు క్లినిక్
థర్మామీటర్ ఇవాళే ఆర్డర్ పెట్టాను. మరి ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది, ఆ రోజు ఎవరు రాస్తారు?

రిటైర్డ్ ఫార్మసిస్టు
అలారం ఉన్న డేటా లాగర్ తీసుకో, రీడింగులు అదే రాసుకుంటుంది. గీత దాటితే ఫోన్‌కి మెసేజ్ పంపేవి ఉన్నాయి.

మందుల షాపు, రాజోలు
రాత్రి రెండింటికి మెసేజ్ వస్తే లేచి వెళ్ళేదెవరండీ?

పాలకొల్లు క్లినిక్
మా ఇల్లు క్లినిక్ పై అంతస్తే, నేనే దిగుతాను. ఒక నెల రీడింగులు చూశాక ఇక్కడే పెడతాను. మెడికల్ ఫ్రిజ్ కొనడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, డాక్టరు గారికి చెప్పకండి.