మత్తులో ఉన్న మనిషి మౌనం కూడా అంగీకారమేనా?

గుంటూరు అమ్మాయి:
మా అమ్మకి 52 ఏళ్లు. అండాశయంలో నీటితిత్తి ఉంది, తీసేయాలి అన్నారు. సరేనంది. ఇంగ్లీషు ఫారం మీద తన పేరు తెలుగులో, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసింది. కుట్లు విప్పించుకొచ్చిన రోజు డిశ్చార్జి కాగితం చదువుతుంటే నాకు తెలిసింది, గర్భసంచి కూడా తీసేశారని. ఆపరేషన్ మధ్యలో నర్సు బయటికొచ్చి నాన్న చేత ఇంకో సంతకం పెట్టించుకుందట. ఆయన కంగారులో పెట్టేసి, మాకెవరికీ చెప్పలేదు.

అమ్మ అరవలేదు. "ఒక్క మాట అడిగితే కాదనేదాన్నా?" అంది, అంతే. రెండ్రోజులు నాన్నకి అన్నం వడ్డించింది గానీ పలకరించలేదు. డాక్టర్ని అడిగితే, ప్రాణం మీదకి వచ్చిందేమీ కాదు, మళ్లీ కోయాల్సిన పని లేకుండా ఒకేసారి తీసేశాం అన్నారు. "మీ అమ్మగారు వద్దని చెప్పలేదు కదమ్మా" అని కూడా అన్నారు. మా పెద్దత్తయ్యదీ అదే మాట, మౌనం అర్ధాంగీకారం అని. చట్టమైనా, ధర్మమైనా, తెలిసినవాళ్లు చెప్పండి.

మత్తు డాక్టర్:
అంగీకారం కాదమ్మా. అచ్చం ఇలాంటిదే ఢిల్లీలో 1995లో జరిగింది. 44 ఏళ్ల అవివాహిత పరీక్ష కోసం లాప్రోస్కోపీకి, అంటే చిన్న గాటు పెట్టి కెమెరాతో కడుపు లోపల చూడటానికి, ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసు అంటారు. 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన మనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదు, మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందే. భర్త సంతకానికీ ఇదే వర్తిస్తుంది. ముందురోజు రాత్రి నేను పేషెంట్‌నే అడుగుతాను, "రేపు మీకేం చేస్తారో మీ మాటల్లో చెప్పండమ్మా" అని. చెప్పలేకపోతే ఆ సంతకానికి విలువ లేదు, మళ్లీ మొదట్నుంచి చెప్తాను. రికార్డుల కోసం మీ అమ్మగారి పేరుతో ఉత్తరం పెట్టండి. ఆసుపత్రివాళ్లు 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి.

అమరావతి మాస్టారు:
అత్తయ్యగారి సామెత అంత తేలిగ్గా కొట్టేసేది కాదు తల్లీ. ఎవరైనా భోజనానికి పిలిస్తే బుద్ధుడు మౌనంగానే ఒప్పుకునేవాడు. భిక్షువుగా ఒకర్ని చేర్చుకునేటప్పుడు కూడా సంఘంలో మూడుసార్లు చదివి వినిపిస్తారు. ఇష్టమైనవాళ్లు మౌనంగా ఉండండి, కానివాళ్లు మాట్లాడండి అని. అంటే అక్కడ మౌనంగా ఉన్నవాడికి ప్రశ్న వినపడింది, నోరు తెరిచే వీలుంది, తన మౌనాన్ని ఏమని లెక్కేస్తారో ముందే తెలుసు. మీ అమ్మగారికి ఈ మూడింట్లో ఒక్కటైనా ఉందా? పైగా చేరేవాడు మాత్రం నోటితో అడగాల్సిందే. అతని మౌనం పనికిరాదు.

నిజామాబాద్ టీచర్:
మా నిఖాలో కూడా ఇలాంటి తేడా ఉంది చెల్లీ. మొదటిసారి పెళ్లయ్యే అమ్మాయి సిగ్గుతో మాట్లాడకపోయినా, ఆ మౌనాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చని హదీసు, అంటే ప్రవక్త మాట. కానీ అడగడం మాత్రం తప్పనిసరి. ఒకసారి పెళ్లయిన స్త్రీ అయితే నోటితో చెప్పాల్సిందే. నా మొదటి నిఖాలో వకీలు (పెళ్లికూతురి తరఫున మాట్లాడే పెద్ద), ఇద్దరు సాక్షులు గది గుమ్మం దగ్గర నిలబడి అడిగితే తల దించుకున్నాను. మా పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది. నాకు ఇష్టం లేదని ఆ చేతికి తెలుసు. రెండోసారి 34 ఏళ్లకి, నేనే "ఖుబూల్" అన్నాను. పక్కగదిలోకి కూడా వినపడింది. మీ అమ్మగారిని అసలు అడగనే లేదు. దాన్ని మౌనం అనకండి.

గుంటూరు అమ్మాయి:
డాక్టరుగారూ, మాస్టారూ, అక్కా, మీరు రాసినవన్నీ అమ్మకి చదివి వినిపించాను. నాన్న కూడా వరండాలో కూర్చుని విన్నారు. ఢిల్లీ కేసు దగ్గర అమ్మ ఆపి, "ఆ పిల్లకి మెలకువ వచ్చాక ఎవరు చెప్పారంట?" అని అడిగింది. రాత్రి రికార్డుల కోసం ఉత్తరం రాశాం. నాన్న సంతకానికని పెన్ను తీశారు. మళ్లీ ఆయనే ఆగి, పెన్ను అమ్మకిచ్చారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివించుకుని అప్పుడు పెట్టింది.