సమస్యాపూరణం: మంచు గురిసె నెండ మండు వేళ

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఇదీ. ఆటవెలది, నాలుగో పాదం.

మంచు గురిసె నెండ మండు వేళ

షరతు ఒక్కటే. పద్యంలో పెయింట్‌బాల్ గన్ను (రంగు బంతులు పేల్చే ఆట తుపాకి), దానికి తగిలించే కార్బన్ డయాక్సైడ్ బుడ్డి ఏదో ఒక రూపంలో కనబడాలి. కలగన్నాననీ, ఊటీ పోయాననీ, ఫ్రిజ్ తలుపు తీశాననీ తప్పించుకునే పూరణలు ముందే పక్కన పెట్టేస్తా. కర్నూలు ఎండకీ దీనికీ ఏం సంబంధం అని మొహం చిట్లించేవాళ్ళకి కొంచెం సరుకు ఇస్తున్నా. బుడ్డిలో అడుగున ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 57 బార్లు, 0 దగ్గర 35 బార్లు. ద్రవం చుక్క మిగిలి ఉన్నంతసేపూ ఎంత గ్యాస్ ఉందన్నది కాదు లెక్క, బుడ్డి ఎంత వెచ్చగా ఉందన్నదే లెక్క. ఇక కానివ్వండి.

తుంగభద్ర గట్టు:
బోణీ నాదే.

వేలు తీయకుండ పేల్చగ బంతులు
గ్యాసు బుడ్డి మెడకు గడ్డ కట్టె;
కందనోలులోనఁ గన్నులఁ జూచితి
మంచు గురిసె నెండ మండు వేళ

బడి పంతులు:
గణాలు సరిపోయాయి, వేలు - పేల్చగ యతి కూడా సరే. కానీ రెండో పాదంలో గడ్డ కట్టింది ఏంది నాయనా? కర్త లేదు. చదివేవాడు గ్యాసే గడ్డ కట్టిందనుకుంటాడు. మెడ మీద తెల్లగా పట్టేది బయటి గాలిలోని తేమ, లోపలి గ్యాస్ కాదు. "గ్యాసు బుడ్డి తేమ గడ్డ కట్టె" అంటే కర్తా దొరుకుతుంది, యతీ పోదు, విషయమూ నిజమవుతుంది.

తుంగభద్ర గట్టు:
దండాలు పంతులు గారూ, మార్చేశా. ఏప్రిల్ పొడి గాలికి ఆ తెల్లదనం పల్చగా వస్తుంది, వానలు పడ్డాక ఆడితే వేలితో గీస్తే గీత పడేంత పడుతుంది, ఇప్పుడర్థమైంది ఎందుకో.

పెన్న ఒడ్డు:
నేను పద్యం రాయలేకపోతున్నా, ముందు నా గోడు వినండి. చలికాలం అని రాద్దామని డిసెంబరుతో మొదలుపెడితే ఎక్కడా కూర్చోవట్లేదు. మాది అనంతపురం, ఊరి పేరు పెడదామన్నా అదే గోల.

బడి పంతులు:
రెండింటికీ జబ్బు ఒకటే. మొదట లఘువు, వెంటనే గురువు. సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ అలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. "చలి డిసెంబరు" అను, చలి-డి ఒక గణంలో పోతుంది, సెంబరు తర్వాతి గణం అవుతుంది. అనంతపురం వాళ్ళకి ఈ కష్టం ఊరి పేరుతోనే వచ్చింది, ఏం చేస్తాం.

పెన్న ఒడ్డు:
ఊరు వదిలేసి సీమ పట్టుకున్నా. మా అన్న న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాడు, అక్కడ చలికి గన్ను సగం దూరం కూడా కొట్టట్లేదని ఒకటే ఏడుపు.

అన్న యుండు చోట నమెరికా లోపల
చలికి గ్యాసు బలము సగము తగ్గె
రాత్రి వారి కిపుడు, రాయలసీమలో
మంచు గురిసె నెండ మండు వేళ

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
ఊహ భలే ఉందబ్బా! అక్కడ మంచు, ఇక్కడ ఎండ, రెండూ ఒకే ఘడియలో. "సగము" అని ఊరికే పడేశావేమో అనుకుని లెక్క చూశా, 30 డిగ్రీల దగ్గర 72 బార్లు, 0 దగ్గర 35, అచ్చంగా సగమే. పైగా ఈ ఆట పుట్టిందే మీ అన్న ఉండే రాష్ట్రంలో. 1981 జూన్ 27న హెనికర్ ఊరి అడవిలో 12 మంది ఆడారు, చెట్లకీ పశువులకీ రంగు గుర్తు పెట్టడానికి తయారైన నెల్‌స్పాట్ 007 గన్నులతో. జూన్‌లో పెట్టుకున్నారు, తెలివైనోళ్ళు.

బడి పంతులు:
ఊహ బాగుంది గానీ అన్వయం దెబ్బతింది. "రాయలసీమలో" అని ఆపి వెంటనే "మంచు గురిసె" అంటే మంచు సీమలోనే పడినట్టు. మూడో పాదం ఇలా తిప్పు:

మనకు సీమలోన మధ్యాహ్న, మచ్చట
మంచు గురిసె నెండ మండు వేళ

ఇప్పుడు మంచు వాళ్ళకి, ఎండ మనకి.

గండికోట గాలి:
ఇది మా కడప వాటా. పద్యం నాది, అనుభవం మా జట్టుది.

పొద్దు పొడుపు చలికి పొగరణఁగిన బుడ్డి
వేడి నీటిలోన వేసి తీయ
బిళ్ళ చిరిగి పొగలు పెల్లుగా వెలువడి
మంచు గురిసె నెండ మండు వేళ

బడి పంతులు:
"పొగరణఁగిన బుడ్డి" ఎంత బాగా పడిందో! బిళ్ళ - పెల్లు యతి కూడా సొగసే. కానీ మొదటి పాదంలో పొద్దు పొడుస్తోంది, నాలుగో పాదంలో ఎండ మండుతోంది, మధ్యలో పొద్దంతా ఎక్కడికి పోయింది?

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
నాకు రెండో పాదం చూస్తే టెన్షన్ వస్తోంది. ఇది చదివి రేపు ఎవడో బకెట్‌లో వేణ్ణీళ్ళు పెట్టుకుని గ్రౌండ్‌కి వస్తాడు. వద్దు సామీ. 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాస్‌కి ద్రవం, ఆవిరి అన్న తేడానే ఉండదు, అక్కడి నుంచి ఒత్తిడి ఎగబాకుతుంది, తూకం మించి నింపిన బుడ్డి అయితే మరీ ఘోరం. ఆ బిళ్ళ పెట్టిందే బుడ్డి పేలకుండా ముందు తను చిరిగిపోవడానికి. చలిగా ఉంటే స్పేర్ బుడ్డి చొక్కా లోపల పెట్టుకోండి, ఒంటి వెచ్చదనం చాలు, రెండూ మార్చి మార్చి వాడుకోండి. పద్యానికి నా సవరణ: "కారులోనఁ బెట్టి కాచి చూడ". పొద్దున పెట్టి మధ్యాహ్నం చూశాడు, బిళ్ళ చిరిగింది. పంతులు గారి పొద్దూ దొరికింది.

గండికోట గాలి:
ఒప్పుకున్నా అన్నా. చిరిగినప్పుడు తెల్లటి పొడి రాలింది, అది ఉత్త మంచేనా?

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
కాదు, డ్రై ఐస్, అంటే గడ్డ కట్టిన అదే గ్యాస్. మైనస్ 78 డిగ్రీలు. చేత్తో ముట్టుకోకండి.

సీమ మిరప:
అందరూ మంచు వెంట పడ్డారు గానీ మన దగ్గర అసలు తంటా వేరే ఉంది. జనవరిలో అనంతపురంలో తెల్లారి 15 డిగ్రీల దాకా దిగుతుంది, మధ్యాహ్నానికి 30. బుడ్డిలో 51 బార్లు కాస్తా 72 అవుతాయి. పొద్దున్నే బంతి ముందరే పడిపోతోందని స్ప్రింగ్ బిగించి, క్రోనో (బంతి వేగం కొలిచే పరికరం) మీద సెకనుకు 280 అడుగులకి తెచ్చుకుంటాం, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లేని గన్ అయితే అదే మధ్యాహ్నానికి 300 దాటిపోతుంది, అవతలోడికి వాతలే. టిఫిన్ తర్వాత ఒకసారి, భోజనం ముందు ఒకసారి క్రోనో పెట్టని గ్రౌండ్‌లో నేను ఆడను. అన్నట్టు చలికి బంతి పెంకు కూడా పెళుసెక్కి గొట్టంలోనే పగులుతుంది. ఇదిగో నా పద్యం:

ద్రవము మరుఁగుచుండి తనకుఁ గావలసిన
వేడి బుడ్డి నుండి పీల్చి వేయ
చేయి తగిలినంత జిల్లను లోహాన
మంచు గురిసె నెండ మండు వేళ

బడి పంతులు:
అమ్మా, ఇందులో నేను వేలు పెట్టాల్సింది ఏమీ లేదు. ద్రవ - తనకు, వేడి - పీల్చి, చేయి - జిల్లను, మూడు యతులూ నిలబడ్డాయి. కారణం రెండు పాదాల్లో, కార్యం రెండు పాదాల్లో. "గ్యాస్" అన్న మాటే లేకుండా గ్యాస్ పద్యం.

తుంగభద్ర గట్టు:
అక్కా, మంచు కురవదు కదా, లోహం మీద పడుతుంది అనాలేమో?

సీమ మిరప:
"గురిసె" ఇచ్చింది నిర్వాహకులు, వాళ్ళనే అడుగు. నీ గన్ సంగతి నేను చెప్తా. వేలు తీయకుండా పేలిస్తే మంచు పట్టడం కాదు భయం, ఆవిరి చాలక ద్రవమే గన్‌లోకి దూరుతుంది, ఓ-రింగులు (గ్యాస్ కారకుండా వేసే రబ్బరు చుట్లు) బిగుసుకుపోతాయి, ఒక బంతి నత్తలా, ఒక బంతి రాయిలా పోతుంది. గొట్టం పైకెత్తి పట్టుకో, నాలుగు దెబ్బలకోసారి ఆగు, బుడ్డి తేరుకుంటుంది.

పెన్న ఒడ్డు:
కంప్రెస్డ్ ఎయిర్ వాడితే ఈ బాధలేవీ ఉండవు కదా?

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
ఉండవు. అందులో మరిగే ద్రవమే లేదు, రెగ్యులేటర్ ఒత్తిడిని ఒక్క తీరుగా ఉంచుతుంది. సమస్య కూడా ఉండదు, పద్యమూ ఉండదు. ఈ వారం మొదటి స్థానం సీమ మిరపకి, సవరణతో కలిపి రెండోది గండికోట గాలికి. వచ్చే వారానికి తేటగీతి:

నిప్పు రాఁజేయఁ జలి పుట్టె నేమి చెప్ప

శుక్రవారం రాత్రి లోపు పంపండి.

గండికోట గాలి:
ఇందులోనూ బుడ్డి ఉండాలా అన్నా?

కొండారెడ్డి బురుజు (నిర్వహణ):
అక్కర్లేదు. పెడితే కాదనను, మంటలార్పే సిలిండర్లలోనూ ఇదే గ్యాస్ నింపేది ఉంది.