క్లాస్ యూనిట్ మొదటి బెడ్‌లో వేడి తగ్గింది, సీఓఎస్ పెరిగింది: క్యాటలిస్ట్ మార్చాల్సిందేనా?

షిఫ్ట్_ఎస్‌ఆర్‌యూ: హెచ్‌2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) నుంచి సల్ఫర్ తీసే క్లాస్ యూనిట్ మాది, మూడు కన్వర్టర్లు (క్యాటలిస్ట్ బెడ్‌లు). మొదటి బెడ్‌లో మొత్తం యాక్టివేటెడ్ అల్యూమినా, వేసి మూడేళ్లయింది. ఇన్‌లెట్ 235 డిగ్రీలు. ఔట్‌లెట్ మొదట్లో 310 దాకా వచ్చేది, ఇప్పుడు 285 దాటడం లేదు. టెయిల్ గ్యాస్‌లో (చివరి బెడ్ దాటి బయటికొచ్చే గ్యాస్) సీఓఎస్ (కార్బొనిల్ సల్ఫైడ్) పెరిగింది. ప్రెషర్ డ్రాప్ మారలేదు, సల్ఫర్ పసుపుపచ్చగానే వస్తోంది. హీట్ సోక్ (బెడ్‌ను కొన్నాళ్లు ఎక్కువ వేడిలో ఉంచడం) చేస్తే సరిపోతుందా?

గంధకం_కండెన్సర్: ముందు క్యాటలిస్ట్‌ను అనుమానించకండి. యూనిట్‌కు వచ్చే యాసిడ్ గ్యాస్‌లో హెచ్‌2ఎస్ శాతం తగ్గినా, గాలి నిష్పత్తి తప్పినా ఇలాగే వేడి తగ్గుతుంది. టెయిల్ గ్యాస్ ఎనలైజర్‌ను ల్యాబ్ శాంపిల్‌తో సరిచూడండి, హెచ్‌2ఎస్, ఎస్‌ఓ2 (సల్ఫర్ డయాక్సైడ్) నిష్పత్తి 2:1 దగ్గర ఉండాలి.

అది బాగుంటే బెడ్ పైన, మధ్యలో, కింద ఉన్న థర్మోకపుల్స్ (వేడి కొలిచే సెన్సర్లు) చూడండి. ఆరోగ్యంగా ఉన్న బెడ్‌లో వేడి చాలావరకు పై భాగంలోనే పుడుతుంది. అది కిందికి జారుతుంటే పై పొర చచ్చినట్టే. మసి పట్టి ఉంటే ప్రెషర్ డ్రాప్ పెరిగేది, సల్ఫర్ నల్లబడేది. మీకు ఆ రెండూ లేవు కాబట్టి నా అనుమానం సల్ఫేటేషన్ (అల్యూమినా ఉపరితలానికి సల్ఫేట్ పట్టడం) మీదే. సల్ఫేట్ పట్టినా అల్యూమినా క్లాస్ రియాక్షన్ (హెచ్‌2ఎస్, ఎస్‌ఓ2 కలిసి సల్ఫర్ అవడం) ఎంతో కొంత నడిపిస్తుంది. ముందు దెబ్బతినేది సీఓఎస్, సీఎస్2 (కార్బన్ డైసల్ఫైడ్) జలవిశ్లేషణ, అంటే నీటి ఆవిరితో అవి హెచ్‌2ఎస్‌గా మారడం.

షిఫ్ట్_ఎస్‌ఆర్‌యూ: ఎనలైజర్, ల్యాబ్ రీడింగులు సరిపోయాయి. యాసిడ్ గ్యాస్ కూడా మారలేదు. పై థర్మోకపుల్ దాదాపు ఇన్‌లెట్ అంతే చూపిస్తోంది, వేడంతా మధ్య నుంచి కిందికే. బెడ్‌కు ముందు గ్యాస్‌ను వేడి చేసే రీహీటర్ 40 బార్ స్టీమ్‌ది.

గంధకం_కండెన్సర్: అసలు చిక్కు అక్కడే ఉంది. మామూలు హీట్ సోక్ అంటే బెడ్‌ను 20-30 డిగ్రీలు పెంచి ఒకటి రెండు రోజులు ఉంచడం, రంధ్రాల్లో చేరిన ద్రవ సల్ఫర్ ఆవిరై పోవడానికి. రెండో, మూడో బెడ్‌లకు బాగా పనికొస్తుంది, అవి డ్యూ పాయింట్‌కు (సల్ఫర్ ఆవిరి ద్రవంగా మారే ఉష్ణోగ్రత) దగ్గరగా నడుస్తాయి కదా. సల్ఫేట్ మాత్రం అలా వదలదు. బెడ్ 300 డిగ్రీల పైన ఉండాలి, గాలి కాస్త తగ్గించి నిష్పత్తిని 3:1 వైపు జరపాలి, అప్పుడే హెచ్‌2ఎస్ దాన్ని క్షయకరణం చేస్తుంది. 40 బార్ స్టీమ్ సుమారు 250 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది, కాబట్టి మీ గ్యాస్ 240 దాటడం కష్టం. అంటే సల్ఫేట్ ఎక్కువగా ఉన్న పై పొరకు కావలసిన వేడి ఎప్పటికీ అందదు. ఫర్నేస్ నుంచి హాట్ గ్యాస్ బైపాస్ ఉంటే వేరే సంగతి.

పాత_ఫర్నేస్: ఒక మాట. సల్ఫేట్ ఎందుకు పట్టిందో తేల్చకుండా కొత్త క్యాటలిస్ట్ వేస్తే అదీ ఇదే దారి పడుతుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఆక్సిజనే. బర్నర్‌లో మిక్సింగ్ చెడినా, స్టార్టప్, షట్‌డౌన్‌లలో ఫ్యూయెల్ గ్యాస్ మీద గాలి ఎక్కువైనా వస్తుంది. షట్‌డౌన్‌లో బెడ్‌లలోని సల్ఫర్ ఊడ్చేటప్పుడు గాలి స్టాయికియోమెట్రిక్‌లో (ఫ్యూయెల్ పూర్తిగా మండడానికి సరిగ్గా కావలసినంత) 95 శాతం దగ్గర పెట్టండి. బాగా తగ్గితే మసి, దాటితే సల్ఫర్ నిండిన బెడ్‌లో మంట. మంట లేస్తే ఉపరితల వైశాల్యం పోతుంది, అది మళ్లీ రాదు.

షిఫ్ట్_ఎస్‌ఆర్‌యూ: బైపాస్ లేదండి. షట్‌డౌన్‌లో మొత్తం టైటానియా (టైటానియం డయాక్సైడ్ క్యాటలిస్ట్) వేయించమంటారా?

గంధకం_కండెన్సర్: మొత్తం అక్కర్లేదు, అది అల్యూమినా కంటే చాలా ఖరీదు. పైన ఆక్సిజన్‌ను పట్టే ఇనుము కలిసిన అల్యూమినా పలుచగా, దాని కింద మామూలు అల్యూమినా, అడుగున మూడో వంతు టైటానియా. ఈ ఉష్ణోగ్రతల్లో టైటానియాకు సల్ఫేట్ పట్టదు, 300 దగ్గరే సీఓఎస్‌ను బాగా విడగొడుతుంది. అల్యూమినాకైతే అందుకు 310-340 కావాలి. మొదటి బెడ్ దాటిన సీఓఎస్‌ను తర్వాతి బెడ్‌లు పట్టుకోలేవు, అవి చల్లగా ఉంటాయి.

అప్పటిదాకా ఇన్‌లెట్‌ను 240కి లాగి నడపండి, కొంత సీఓఎస్ తగ్గుతుంది. మొదటి బెడ్‌లో క్లాస్ కన్వర్షన్ రవ్వంత పడినా రెండోది అందుకుంటుంది. బయటికి తీసిన పై పొరలో కొంత ల్యాబ్‌కు పంపి సల్ఫేట్ శాతం, ఉపరితల వైశాల్యం రెండూ చూపించండి. కొత్తది గ్రాముకు 300 చదరపు మీటర్ల పైన ఉంటుంది, సగానికి దిగువకు పడితే ఏ సోక్ చేసినా లాభం ఉండేది కాదు.

పాత_ఫర్నేస్: డంప్ చేసేటప్పుడు నీళ్ల గొట్టం పక్కనే ఉంచుకోండి. పాత క్యాటలిస్ట్‌లో ఐరన్ సల్ఫైడ్ ఉంటే గాలి తగలగానే తనంతట తానే అంటుకుంటుంది.